ఉప్పు మడి నేర్పిన పాఠం: ద్రావణం నుంచి సోలార్ సెల్ దాకా

ఎండాకాలంలో అల్లూరు నుంచి ఇస్కపల్లి వైపు వెళ్ళినవాళ్ళకి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. గళ్ళు గళ్ళుగా ఉప్పు మడులు, గట్ల మీద తెల్లటి కుప్పలు, వాటి మీద కప్పిన తాటాకులు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, దాన్ని కెమిస్ట్రీగా ఎప్పుడూ చూడలేదు. మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టు చెడిపోయాకే చూడటం నేర్చుకున్నాను.

ప్రాజెక్టు పేరు గొప్పగానే ఉండేది: "స్ప్రే పద్ధతిలో టిన్ సల్ఫైడు సోలార్ సెల్". టిన్ క్లోరైడు, థయోయూరియా నీళ్ళలో కరిగించడం, వేడి ప్లేటు మీద పెట్టిన వాహక గాజు పలక పైన ఎయిర్ బ్రష్‌తో చల్లడం. మొత్తం పన్నెండు పలకలు చేశాం. నాలుగింటికి అంచుల్లో పసుపు మచ్చలు వచ్చాయి. ఐదు మల్టీమీటర్ పెట్టగానే షార్ట్ చూపించాయి. మిగిలిన మూడింట్లో ఒకటి మాత్రం ఎండలో 80 మిల్లీవోల్టులు ఇచ్చింది. కరెంటు చెప్పుకునేంత లేదు.

దసరా సెలవుల్లో ఆ పలక ఇంటికి తీసుకెళ్ళి మా మామకి చూపించాను. మామకి రెండు రొయ్యల గుంటలున్నాయి, కరెంటు బిల్లంటే భయం. పలకని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందబ్బయ్యా, దీంతో నా ఏరేటరు తిరుగుద్దా?" అన్నాడు. నేను నవ్వేశాను గానీ, ఆ ప్రశ్నకి సరైన జవాబు లెక్కతో చెప్పాలని అప్పుడే అనుకున్నాను. ఈ వ్యాసం ఆ జవాబే.

ద్రావణం నుంచి పొర ఎందుకు?

మనం ఇళ్ళ మీద చూసే సిలికాన్ సెల్‌లో వేఫర్ మందం 150 మైక్రాన్ల పైచిలుకు. సిలికాన్ వెలుతురుని నెమ్మదిగా మింగుతుంది కాబట్టి అంత మందం కావాలి. టిన్ సల్ఫైడు, రాగి-జింక్-టిన్ సల్ఫైడు, పెరోవ్‌స్కైట్ లాంటివి వెలుతురుని చాలా గట్టిగా పీల్చుకుంటాయి. వాటికి ఒక మైక్రాన్, ఒక్కోసారి అర మైక్రాన్ చాలు. అంత పల్చటి పొర కోసం సిలికాన్‌లాగా 1400 డిగ్రీల దగ్గర కరిగించి, స్ఫటికం లాగి, రంపంతో కోయనక్కర్లేదు. ముడి పదార్థాన్ని ద్రావణంలో కరిగించి చల్లొచ్చు, పూయొచ్చు, సిరాలాగా ప్రింట్ చెయ్యొచ్చు. పెద్ద వాక్యూమ్ యంత్రాలతో పనిలేదు. చౌక అనే మాట ఇక్కడినుంచే పుట్టింది.

అయితే చౌకగా పూసిన పొర చౌకగానే పనిచేస్తుందేమో అన్న అనుమానం కూడా అక్కడినుంచే పుట్టింది. ఎందుకో తెలియాలంటే ఉప్పు మడి దగ్గరికి వెళ్ళాలి.

మడిలో ఏం జరుగుతుంది?

సముద్రపు నీరు బామె మానంలో సుమారు 3 డిగ్రీలు. దాన్ని ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్ళిస్తూ ఎండబెడతారు. 13 డిగ్రీలు దాటాక ముందు జిప్సం దిగుతుంది. 25 డిగ్రీల దగ్గర అసలు ఉప్పు గింజ కట్టడం మొదలవుతుంది. 29, 30 దగ్గరికి వచ్చేసరికి మిగిలిన నీళ్ళలో మెగ్నీషియం లవణాలు చిక్కబడతాయి. ఆ చేదు నీటిని బయటికి వదిలెయ్యాలి. వదలకపోతే ఉప్పుతోపాటు మెగ్నీషియం క్లోరైడు కూడా దిగుతుంది. వానాకాలంలో గల్లుప్పు చెమ్మగిల్లి నీరు కారడానికి ముఖ్య కారణం అదే.

ఇందులో మూడు సంగతులున్నాయి. ఒకటి, ఒకే ద్రావణం నుంచి రకరకాల పదార్థాలు దిగుతాయి; మనకి కావలసినది ఒక చిన్న కిటికీలోనే వస్తుంది. రెండు, గింజ సైజు ఎండటం ఎంత వేగంగా జరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. నెమ్మదిగా ఎండితే కొన్ని పెద్ద గింజలు, గబగబా ఎండితే లెక్కలేనన్ని చిన్నవి. మూడు, మిగిలిపోయిన మలినం తర్వాత తేమని పిలుస్తుంది. ద్రావణంతో చేసే సోలార్ సెల్ కష్టాలన్నీ దాదాపు ఈ మూడింటిలోనే ఉన్నాయి.

మా పలకల మీద పసుపు అంచుల కథ కూడా ఇదే. టిన్, గంధకం కలిసి ఒకే పదార్థం కట్టవు. ఒకటికి ఒకటి కలిస్తే మనకి కావలసిన ముదురు గోధుమరంగు టిన్ సల్ఫైడు. ఒకటికి రెండు కలిస్తే బంగారు పసుపు రంగు టిన్ డైసల్ఫైడు. రెండుకి మూడు కలిసేది ఇంకొకటి. పలక మధ్యలో 350 డిగ్రీలు ఉన్నా అంచులు చల్లగా ఉండిపోయాయి, అక్కడ పసుపు దిగింది. చేదు నీళ్ళు వదలని మడి అన్నమాట.

పక్కనే, తిరుపతిలో

ఇదేదో అమెరికా, జపాన్ ల్యాబుల కథ అనుకుని చదవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే ముఖ్యమైన పని మనకి పక్కనే, తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఫిజిక్స్ విభాగంలో జరిగింది. పల్చటి పొరల సోలార్ సెల్స్ మీద అక్కడ దశాబ్దాలుగా పరిశోధన ఉంది. ప్రొఫెసర్ వి. సుందర రాజా బృందం స్ప్రే పద్ధతిలో రాగి-జింక్-టిన్ సల్ఫైడు పొరలు చేసి 2009లో ప్రచురించింది. ప్రొఫెసర్ కె.టి. రామకృష్ణారెడ్డి బృందం అంతకుముందే టిన్ సల్ఫైడు మీద పనిచేసింది. స్ప్రే చేసిన టిన్ సల్ఫైడు, కాడ్మియం సల్ఫైడు జోడించిన వాళ్ళ సెల్ 1.3 శాతం సామర్థ్యం చూపించినట్టు 2006లో వచ్చిన పేపర్ చెబుతుంది.

"1.3 శాతమేనా?" అని నవ్వకండి. ఆ తర్వాత ప్రపంచంలో టిన్ సల్ఫైడు మీద పనిచేసిన చాలామంది మొదట చెప్పుకునే మెట్టు అదే. 2014లో హార్వర్డ్‌లో రాయ్ గోర్డన్ బృందం ఖరీదైన ఆవిరి పద్ధతిలో, ఒక్కొక్క అణు పొర పేర్చుకుంటూ చేసిన సెల్ చేరింది 4.36 శాతానికి. సిద్ధాంతం ప్రకారం ఈ పదార్థం 25 శాతం పైన ఇవ్వాలి. మరి ఎక్కడ ఆగింది?

మూడు అంకెల లెక్క

ఏ సోలార్ సెల్ సామర్థ్యమైనా మూడు అంకెల గుణకారమే: ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, షార్ట్ సర్క్యూట్ కరెంటు, ఫిల్ ఫ్యాక్టర్. ప్రామాణిక ఎండ చదరపు సెంటీమీటరుకి 100 మిల్లీవాట్లు కాబట్టి, కరెంటుని చదరపు సెంటీమీటరుకి మిల్లీఆంపియర్లలో తీసుకుంటే వచ్చిన లబ్ధమే శాతం.

తిరుపతి సెల్: 0.26 × 9.6 × 0.53 = సుమారు 1.3.
హార్వర్డ్ సెల్: 0.372 × 20.2 × 0.58 = సుమారు 4.36.

కాలిక్యులేటర్ తీసి మీరూ వేసి చూడండి. కరెంటు రెట్టింపు దాటింది, వోల్టేజి సుమారు నలభై శాతం పెరిగింది, ఫిల్ ఫ్యాక్టర్ కొంచెమే మారింది. ఎవరైనా "సామర్థ్యం పెరిగింది" అంటే ఈ మూడింట్లో ఏది పెరిగిందని అడగడం అలవాటు చేసుకోవాలి. ఎందుకంటే ఒక్కోదాని వెనక ఒక్కో జబ్బు ఉంటుంది.

కరెంటు తక్కువంటే, పుట్టిన ఎలక్ట్రాన్ బయటికి చేరకముందే దారిలో పోయిందని అర్థం. టిన్ సల్ఫైడులో ఎలక్ట్రాన్ చాలా తక్కువ దూరమే నడవగలదు. పొర మందంగా పూస్తే వెలుతురంతా పీల్చుకుంటుంది కానీ లోపల పుట్టినవి గట్టు చేరవు. పల్చగా పూస్తే చేరతాయి కానీ వెలుతురు వృథాగా దాటిపోతుంది. పైగా గింజలు చిన్నవైతే ప్రతి గింజ అంచూ ఒక గుంతే. హార్వర్డ్ బృందం పొరని హైడ్రోజన్ సల్ఫైడు వాయువులో వేడిచేసి గింజల్ని పెంచింది.

వోల్టేజి సంగతి మామ గుంటతో చెబితే బాగా అర్థమవుతుంది. మోటారు ఒకే వేగంతో నీళ్ళు తోడుతోందనుకోండి. గట్టు గట్టిగా ఉంటే నీటిమట్టం పైకి వస్తుంది. గట్టుకి ఎండ్రకాయల బొక్కలుంటే, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోయి, మట్టం కిందే నిలిచిపోతుంది. ఎండ మోటారు, మట్టం వోల్టేజి, బొక్కలు పదార్థంలోని లోపాలు. ఎలక్ట్రాన్, హోల్ బయటికి రాకుండా లోపలే కలిసిపోయే చోట్లన్నమాట.

ఆదర్శ డయోడు లెక్కలో ఈ లీకు పది రెట్లు తగ్గితే వోల్టేజి పెరిగేది సుమారు 60 మిల్లీవోల్టులే. 0.26 నుంచి 0.372కి పెరుగుదల 112 మిల్లీవోల్టులు. ఇందులో కరెంటు రెట్టింపైనందువల్ల వచ్చింది 20 లోపే. మిగిలిన 90 పైచిలుకు లీకు తగ్గడం వల్ల రావాలి. అంటే ఆ లెక్క ప్రకారం ముప్పై రెట్లకు పైగా తగ్గాలి! పేపర్లో ఒక చిన్న అంకె మారడానికి వెనక ఎంత చాకిరీ ఉంటుందో ఇక్కడ తెలిసింది నాకు.

ఆ లీకులో పెద్ద వాటా రెండు పొరలు కలిసే చోట ఉంటుంది. టిన్ సల్ఫైడు పక్కన కాడ్మియం సల్ఫైడు పెడితే, ఎలక్ట్రాన్‌కి అది మెట్టు దిగినట్టుగా కాక కొండ మీంచి పడినట్టుగా ఉంటుంది. శక్తి అక్కడే పోతుంది. అందుకే వాళ్ళు కాడ్మియం సల్ఫైడు తీసేసి, జింక్ ఆక్సీసల్ఫైడు పెట్టారు. ఆక్సిజన్, గంధకం పాళ్ళు మారిస్తే మెట్టు ఎత్తు మార్చుకోవచ్చు. మధ్యలో అతి పల్చటి టిన్ ఆక్సైడు పొర కూడా ఉంచారు. మేం కాడ్మియం విషమని భయపడి జింక్ ఆక్సైడు వాడాం. మెట్టు ఎత్తు ఎంతన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. 80 మిల్లీవోల్టులు ఊరికే రాలేదు.

నాలుగు మూలకాల తగువు

టిన్ సల్ఫైడులో రెండే మూలకాలు. రాగి-జింక్-టిన్ సల్ఫైడులో నాలుగు. కిటికీ ఇంకా చిన్నదవుతుంది. రాగి, జింక్ అయాన్లు సైజులో దాదాపు ఒకటే కాబట్టి ఒకదాని సీట్లో ఇంకొకటి కూర్చుంటుంది. స్ఫటికం పైకి బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం శక్తి మట్టాలు ఎగుడుదిగుడుగా ఉంటాయి.

ఐబీఎం పరిశోధకులు ఈ కుటుంబంలో సెలీనియం కలిపి, హైడ్రజీన్ ద్రావణంతో 12.6 శాతం సాధించారు. హైడ్రజీన్ విషం, పైగా పేలే గుణం ఉన్నది. రాకెట్ ఇంధనాల కుటుంబంలోది. శ్రీహరికోటలో వాడితే సరే, మన ల్యాబులో కుదరదు. ఆ సెల్ అంకెలు కూడా వేసి చూడండి: 0.513 × 35.2 × 0.698. కరెంటు అద్భుతం. వోల్టేజి మాత్రం, 1.13 ఎలక్ట్రాన్ వోల్టుల బ్యాండ్ గ్యాప్ ఉన్న పదార్థానికి 0.8 దాటాల్సింది 0.513 దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత చైనా పరిశోధకులు ప్రమాదం తక్కువ ద్రావణులతో 14 శాతం దాటారు. అయినా వోల్టేజి లోటు ఈ కుటుంబాన్ని ఇంకా వదల్లేదు.

మరి పెరోవ్‌స్కైట్‌కి ఎలా కుదిరింది?

2009లో జపాన్‌లో మియసాకా బృందం 3.8 శాతంతో మొదలుపెట్టిన పెరోవ్‌స్కైట్ ఇప్పుడు చిన్న సెల్స్‌లో 26 శాతం దాటింది. అదీ ద్రావణంతో పూసినదే. తేడా ఎక్కడుంది?

మొదటిది అదృష్టం. ఆ స్ఫటికంలో సులువుగా ఏర్పడే లోపాలు ఎక్కువ భాగం ఎలక్ట్రాన్లని మింగే రకం కాదు. గట్టుకి బొక్కలున్నా లోపలివైపే మూసుకుపోయినట్టు. రెండోది నైపుణ్యం. 2014లో కొరియాలో సోక్ బృందం తిరుగుతున్న పలక మీద సరైన క్షణంలో టోలుయీన్ చుక్కలు వేసింది. టోలుయీన్‌లో ఆ లవణం కరగదు కాబట్టి పొరంతా ఒక్కసారే గింజ కట్టడం మొదలైంది. దోసె మీద ఒకచోట ముద్దగా, ఒకచోట చిల్లులుగా కాకుండా అంతటా సమానంగా కాలినట్టు. మా ఐదు పలకలు షార్ట్ కావడానికి కారణం ఆ చిల్లులే అయ్యుంటాయి. పైన పూసిన వెండి పేస్టు చిల్లుల్లోంచి నేరుగా కింది గాజుని తాకితే ఇక సెల్ ఎక్కడిది?

ఈ కథలో మనవాళ్ళ పేరు ఒకటి తప్పక చెప్పాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్, స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో గ్రాట్జెల్ బృందంలో చేరి, 1993లో రుథీనియం రంగుతో డై సెన్సిటైజ్డ్ సెల్‌ని 10 శాతానికి చేర్చిన పేపర్‌కి మొదటి రచయిత. తర్వాత పెరోవ్‌స్కైట్‌లోనూ ఆయన పేరు పెద్దదే. స్విట్జర్లాండ్ వెళ్ళేముందు ఆయన పనిచేసింది ఎక్కడో తెలుసా? భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధనా సంస్థలో! ఇది చదివినప్పుడు నాకు ఇస్కపల్లి మడులు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అయితే పెరోవ్‌స్కైట్‌కి మన తీరం నచ్చదు. తేమ తగిలితే మొదటి రకం పెరోవ్‌స్కైట్ నల్లరంగు పోయి, పసుపు లెడ్ అయొడైడుగా విడిపోతుంది. నెల్లూరుకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో మైపాడు దగ్గర గాలిలో తేమ ఎంతుంటుందో ఆరేసిన బట్టల్ని అడగండి. అందులో సీసం ఉంది కాబట్టి, గుంట గట్టు మీద పెట్టిన పలక పగిలితే ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఉంది. అందుకే రెండు గాజు పలకల మధ్య గట్టిగా సీలు వెయ్యాలి. ఆ సీలు ఖర్చు చౌక సిరా ఖర్చులో కనిపించదు.

గోరంత సెల్, మంచమంత ప్యానెల్

రికార్డు శాతాలు చదివేటప్పుడు ఇంకో సంగతి చూసుకోవాలి, వైశాల్యం. చాలా రికార్డు సెల్స్ చదరపు సెంటీమీటరులో పదో వంతు సైజువి. పెద్దది చేస్తే ఏమవుతుంది?

వాహక గాజు పొర నిరోధం చదరానికి 10 ఓమ్‌లు, కరెంటు చదరపు సెంటీమీటరుకి 20 మిల్లీఆంపియర్లు అనుకుందాం. సెల్ వెడల్పు అర సెంటీమీటరైతే గాజులో పోయే వోల్టేజి గరిష్ఠంగా 0.025 వోల్టులు. ఒక సెంటీమీటరైతే 0.1. వెడల్పు వర్గంతో పెరుగుతుంది కాబట్టి పది సెంటీమీటర్లైతే లెక్కలో 10 వోల్టులు! సెల్ ఇచ్చేదే అర వోల్టు, ఒక వోల్టు. అందుకే పెద్ద పలకని లేజర్‌తో సన్నటి పట్టీలుగా గీసి, సిరీస్‌లో కలుపుతారు. గీతలు పడిన చోటు కరెంటు ఇవ్వదు. పైగా అంత వైశాల్యంలో ఒక్క చిల్లు ఉన్నా ఆ పట్టీ పాడవుతుంది. చిన్న సెల్ శాతం పెద్ద ప్యానెల్‌లో తగ్గడానికి ఇవీ కారణాలు.

మామకి జవాబు

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. రెండు హార్స్ పవర్ ఏరేటరుకి సుమారు ఒకటిన్నర కిలోవాట్లు కావాలి. నిండు ఎండ చదరపు మీటరుకి ఒక కిలోవాట్.

20 శాతం ప్యానెల్ అయితే 7.5 చదరపు మీటర్లు చాలు. 4.36 శాతమైతే 34 చదరపు మీటర్లు. 1.3 శాతమైతే 115 చదరపు మీటర్లు.

సిరా చౌకే. కానీ 115 చదరపు మీటర్ల గాజు, ఇనుప చట్రం, స్తంభాలు, వైరు, ఉప్పుగాలికి తుప్పు పట్టే బోల్టులు, గట్టు మీద అంత చోటు, ఇవేవీ చౌక కావు. సామర్థ్యం తగ్గితే మిగతా అన్ని ఖర్చులూ దానికి విలోమంగా పెరుగుతాయి. శాతం కోసం శాస్త్రవేత్తలు కొట్టుకునేది గొప్ప కోసం కాదని నాకు ఈ లెక్కతోనే అర్థమైంది. రొయ్యలకి ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామున, అప్పుడు ఎండే ఉండదు అన్నది మామ వేసిన రెండో ప్రశ్న. దానికి జవాబు బ్యాటరీనో, గ్రిడ్డో. అది ఇంకో వ్యాసం.

"ఇప్పుడైతే తిరగదు మామా" అని చెప్పాను. "మరెందుకు రా చదివేది?" అన్నాడు. టిన్, గంధకం భూమిలో దండిగా దొరుకుతాయి, విషం కాదు, తేమకి పెరోవ్‌స్కైట్ అంత తొందరగా లొంగవు. లీకులు పూడ్చే దారి దొరికితే మన తీరానికి సరిపోయే పదార్థం అదే కావచ్చు, అందుకని చెప్పాను. మామ ఒప్పుకున్నాడో లేదో గానీ పలక మాత్రం జాగ్రత్తగా గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

చివరిగా ఒక మాట, ఈ ఏడాది ప్రాజెక్టులు మొదలుపెట్టే జూనియర్లకి. రిపోర్టులో ఆ 80 మిల్లీవోల్టుల పలక ఫొటో ఒక్కటే పెట్టమని, మిగతా పదకొండు ఎవరికి కావాలని ఒకరు సలహా ఇచ్చారు. ఒక రాత్రంతా ఆలోచించి, పన్నెండూ పెట్టాం. మార్కులు మామూలుగానే వచ్చాయి. కానీ పసుపు అంచుల ఫొటో చూసిన వైవా మేడం, "ప్లేటు అంచుల్లో ఉష్ణోగ్రత కొలిచారా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో ఇంట్లో పడున్న మందపాటి అల్యూమినియం దిమ్మె తెచ్చి ప్లేటు మీద వేసి, వేడి సమానంగా పాకేలా చేశాం. పదమూడో పలకకి పసుపు అంచు రాలేదు. మిగతా మూడు అంకెల సంగతి ఇంకా కొలవాలి.